అంటు

తిరపతి ఆస్పత్రి, నాలుగో అంతస్తు.
డాక్టరమ్మ మందుల చీటీ వెనక ఒక సున్నా చుట్టి
"ఇది మూలకణం" అనింది.
"ఇంకా ఏమీ కాలేదు. కాబోతుంది."

ఎర్రకణం కావచ్చు, తెల్లకణం కావచ్చు,
గాయం మూసే ప్లేట్‌లెట్టు కావచ్చు.
"కాలో చెయ్యో కూడా అవుతుందా తల్లీ?"
"లేదు. అది పిండంలో కణాల సంగతి.
ఎముక లోపలిది నెత్తురు వరకే."
సరే. దానికీ ఒక హద్దు ఉండాది.

రెండుగా చీలితే
ఒకటి పనికి పోతుందంట,
ఇంకోటి అట్లే ఉండిపోతుందంట, మళ్లీ చీలేదానికి.
ఇది మాత్రం నాకు చెప్పాల్సిన పని లేదు.
గిన్నె ఎంత ఊడ్చినా
రేపటి తోడుకు గరిటెడు పెరుగు దాచిన ఇల్లు మాది.

నా తుంటి ఎముకలోంచి తోడినారు.
తమ్ముడు చెంగల్రాయుడికి కోతా లేదు, కుట్టూ లేదు.
కొక్కేనికి ఎర్రసంచి తగిలించి
నరంలోకి చుక్క చుక్క.
"ఎముకలోకి కదా పొయ్యాల?"
"అవే పోతాయి. వాటి గూడు వాటికి తెలుసు."
రాత్రి రెండింటికి బస్టాండులో దిగి
ఎవర్నీ అడక్కుండా నడిచిపొయ్యేవాళ్లు గుర్తొచ్చినారు.

ఇంక కాచుకోవాలంట. దేనికోసం?
ఆమె తెలుగుమాట వెతుక్కునింది.
"అంటుకోవాల... మామిడి అంటు కడతారే, అట్లా."

బంగారుపాళ్యం నర్సరీలో పద్దెనిమిదేండ్లుగా
టెంక మొలక మీద బెంగుళూరా పుల్ల చెక్కి కట్టేది నేనే.
అయినా ఆ మాట నాకు అంతకు ముందే తెలుసు, ఇంకో రకంగా.
మా పేట పిల్లోళ్ల దోసిట్లోకి
నీళ్లు ఎత్తునుంచి పోసేవాళ్ల నోట.

ఇప్పుడు తమ్ముడు అద్దాల గదిలో.
ఎవరూ తాకకూడదు, నేను కూడా.
అంటు తగలకూడదని బయట కావిలి.
అంటు పట్టాలని లోపల కావిలి.

పదకొండో దినం, సున్నా.
పద్నాలుగో దినం, నూరు.
ప్లాస్టిక్ తొడుగు విప్పి విప్పి చూస్తే పుల్ల చస్తుంది,
కూలోళ్లకు నేనే చెప్తా.
అయినా పూటకోసారి లెక్క అడుగుతానే ఉంటి.

పంతొమ్మిదో దినం ఆరునూర్లు.
"పట్టింది" అనింది డాక్టరమ్మ.

నా అంటుకూ దీనికీ ఒక్క తేడా.
మొక్కకు వేరు దానిదే, పైన కాయ మారుతుంది.
వీడికి వేరే మారిపాయ, మొగం మాత్రం వాడిదే.
బి గ్రూపోడు మెల్లిగా ఓ అవుతాడంట,
నా మాదిరి.

చిన్నప్పటినించీ వాడు మొండికేస్తే
"నీ నెత్తురే అంత" అని తిట్టేదాన్ని.
ఇంక ఆ తిట్టు పనికిరాదు.