అచ్చులు లేని పద్యం

రిచీ స్ట్రీట్‌లో నా కొట్టు మూడో మేడ మీద.
మెట్లు సగం వైర్లవి, సగం మనుషులవి.
కార్తీకమాసపు వానలో
గోనెపట్టా చుట్టిన సీపీయూని
గ్యాస్ బండలా భుజాన వేసుకుని ఎక్కాడు
పెరంబూరు గుణభూషణం.

"లేవట్లేదు నాయనా. నల్ల తెర మీద ఒకటే ముక్క."
ఆ ముక్క చూడకుండానే చెప్పాను:
ఎన్.టి.ఎల్.డి.ఆర్. లేదు.
ఇరవై ఏళ్లుగా ఈ మెట్లెక్కిన పాత పెట్టెల్లో సగం
ఆ ఒక్క ఫైలు పేరే చెప్పాయి,
అదెక్కడికి పోయిందో ఒక్కటీ చెప్పలేదు.

కింది కొట్టు కుర్రాడు ఫార్మాట్ కొట్టేద్దామన్నాడట.
అందుకే పైకొచ్చాడు.

లోపల ఏమున్నాయండీ?
పెళ్లిపత్రికలు, పదకొండో రోజు కార్డులు,
వాషర్‌మన్‌పేట నూనె కొట్ల బిల్లు పుస్తకాలు.
ఇవన్నీ పోయినా పోనీ, ఒక ఫాంటు ఉంది.
దాన్ని చేసిన కంపెనీ ఇప్పుడు లేదు.
కొత్త మెషీన్లో తెరిస్తే
శుభముహూర్తం కాస్తా
రెండు డాలర్లు, నాలుగు కొక్కేలు,
తలకిందులుగా ఒక ప్రశ్నార్థకం.

సీడీ తీశాను. బనియన్ అంచుతో
మధ్యలోంచి బయటికి తుడిచాను, గుండ్రంగా కాదు.
మా మేస్త్రి జయశీలన్ నేర్పింది రెండే విద్యలు.
తుడవడం ఒకటి.
రెండోది, మొదటి ఆర్‌కి లొంగకపోవడం.

నీలం తెర వస్తుంది.
మరమ్మతుకి ఆర్ నొక్కు అంటుంది.
నొక్కితే చీకటి గుహ, అందులో మినుకుమనే గీత.
అక్కడ కాదు.
కొత్తగా దిగే అద్దెవాడిలా ఎంటర్ కొట్టాలి,
ఎఫ్ ఎనిమిదితో
చదవని షరతులన్నిటికీ తలూపాలి.
అప్పుడంటుంది:
ఇక్కడ పాత కాపురం ఒకటుంది, ఏం చెయ్యమంటావు?
అదీ అసలు ఆర్.

ఫైళ్లు ఎక్కాయి. తనే ఆరి, తనే వెలిగింది.
ఏదో ఒక మీట నొక్కమంది మళ్లీ.
చేతులు కట్టుకుని కూర్చున్నాను.
నొక్కితే మొదటికొస్తుంది.

ముప్పై తొమ్మిది నిమిషాలంది.
ముప్పై నాలుగు దగ్గర చతికిలబడింది.
టీ తెప్పించాను. ఆయన క్రారవడి గురించి చెప్పాడు:
ఆ ఫాంటులో అది వెంట్రుకవాసి కుడికి జరుగుతుందట,
ఒక్కోదాన్నీ చేత్తో వెనక్కి నెట్టాలట.
"ఎన్ని వేల క్రారవడులు నెట్టానో!"

ముప్పై మూడు దగ్గర
తాళం అడిగింది.

పెట్టె పక్కన స్టిక్కరు గోడ చెమ్మకి నానిపోయింది.
ఇరవై అయిదింట్లో పదకొండు కనబడుతున్నాయి,
అందులో ఒకటి బీయో ఎనిమిదో.
నా డ్రాయర్లో వేరే తాళాలున్నాయి,
ఎవరివో అడక్కండి.
"వద్దు. చెబుతా, కొట్టుకో."

కళ్లు మూసుకున్నాడు.
బొటనవేలు కణుపుల మీద నడిచింది.
అయిదేసి అక్షరాలు, అయిదు పాదాలు,
పాదం చివర ఊపిరి.
మూడో పాదంలో యతి చెడిందని తనే నవ్వాడు.

"గమనించావా? ఏ లేదు, ఈ లేదు, ఓ లేదు.
సీసం అక్షరాల నాటినుంచి అచ్చుపని చేసినవాడికి
అచ్చులు లేని పద్యం ఇచ్చారు!
తెల్లారగానే ఓసారి చెప్పుకుంటా,
కాఫీ కంటే ముందు."

పెన్ను తీశాను.
"రాసుకోకు," అన్నాడు, "రాస్తే మర్చిపోతావు."

ఒప్పుకుంది.
బ్యాటరీ చచ్చిన గడియారం
ఎప్పటిదో జనవరి ఒకటి చూపించింది.
పెళ్లిపత్రికలు ఉన్నాయో లేదో చూడలేదాయన.
ఖాళీ పేజీ తెరిచి 'క్రమం' అని కొట్టాడు,
అద్దాలు నుదుటికి జరిపి
ముక్కు తెరకి ఆనేంత వంగాడు.
కుడికే ఉంది, వెంట్రుకవాసి.
"ఉంది," అన్నాడు.

నాలుగొందలంటే మూడొందల యాభై ఇచ్చి
గోనెపట్టా బిగించుకుని
ఒక్కో మెట్టూ పాదంతో వెతుక్కుంటూ దిగిపోయాడు.

రాత్రి ఇరవై తొమ్మిది సీలో
కిటికీ రేకు మీద వాన.
మొదటి పాదం వచ్చింది. రెండోదీ వచ్చింది.
మూడోదాంట్లో
యతి చెడిన చోటు గుర్తుంది,
అక్షరాలు లేవు.