ఆరున్నొకటి

అంబాజీపేట కొట్లలో
నలభై ఏళ్లుగా కాయ లెక్కపెడుతున్నాను.
చేతికి రెండు, విసురుకి నాలుగు,
విసురుకో అంకె.
ఒకటి అనం, లాభం అంటాం.
రాశి ముందు ఏడుపు మాటెందుకని
ఏడు కూడా అనం.
ఆరున్నొకటి.
మా మావయ్య గుబ్బల సూరన్న నేర్పిన లెక్క ఇది.

ఆషాఢం, మంగళవారం, పదకొండు కావస్తోంది.
నాగపూరు లారీ టార్పాలిన్ విప్పుకుని నిలబడింది.
లాభం.
రెండు.
మూడు.
నాలుగు.
అయిదు.
ఆరు.
తర్వాత ఏముందో నాకు తెలుసు.
నిన్నటిదాకా దాన్ని రోజుకి వెయ్యిసార్లు అన్నవాణ్ణి.
నోట్లో మాత్రం
పీచు.

కుడిచేతిలో కాయలు రెండూ
నేను వదలకుండానే జారాయి.
పడ్డట్టు చెవికి తెలిసింది, చేతికి తెలియలేదు.
"బాబాయ్, ఆరు దగ్గర ఆగారేంటి?"
చీటీ రాసే కుర్రాడు.
వాడి పేరు ఏడుకొండలు.
పిలుద్దామనుకున్నాను.
పెదవి ఒక పక్కకే వెళ్లింది,
రెండో పక్క సగం దించిన షట్టరు.

ఎండదెబ్బన్నారొకరు.
మజ్జిగ పడితే గడ్డం మీంచి కారింది.
వాడొక్కడే చీటీ పుస్తకం గుట్ట మీద పారేసి
ఆటో కోసం రోడ్డెక్కాడు.

బండారులంక మగ్గాల చప్పుడు దాటుతుండగా
చూపుడువేలు కదిలింది.
ఆ తర్వాత బొటనవేలు.
"తగ్గిపోయిందిరా, వెనక్కి తిప్పమను."
మాట నాదే, స్పష్టంగా, పూర్తిగా.
వాడు నా వైపు చూడలేదు.
"మా అమ్మకీ తగ్గిపోయింది" అన్నాడు.
అమలాపురం దాకా ఇద్దరం మాట్లాడుకోలేదు.

డాక్టరమ్మది కర్నూలట.
నవ్వమంది, నవ్వాను.
చేతులు రెండూ చాపి కళ్లు మూసుకోమంది.
కుడిది కిందికి దిగిందని ఆవిడ చెబితేనే తెలిసింది.
ఒకటి నుంచి పది దాకా చెప్పమంది.
"లాభం" అన్నాను.
కలం ఆగింది.
"రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు, ఆరున్నొకటి..."
మాట ఇంకా తడబడుతోందని రాయబోతుంటే
నర్సు ఎస్తేరు రాణి నవ్వాపుకోలేక
"కాదు మేడం, మా వైపు కాయ లెక్క అంతేనండి" అంది.
"మరి ఏడు?"
"అది అనకూడదండి" అన్నాను.

ఎమ్మారై గొట్టంలో
ఎవరో ఇనప రేకు మీద కాయలు గుమ్మరిస్తున్న మోత.
అలవాటు చొప్పున లెక్కపెట్టాను, కుదరలేదు,
ఆ గుమ్మరించేవాడికి వరస లేదు.
తర్వాత మెడ పక్కన
లేతకొబ్బరిలాంటి చల్లటి జిగురు రాసి
లోపలి నెత్తురు చప్పుడు నాకే వినిపించారు.
అరవై రెండేళ్లుగా నాలో ఇంత హోరుందా!
ఒకచోట దారి సన్నబడిందన్నారు.

"వచ్చి పోయింది కదా అనుకోకండి,
దారి చూసుకుని వెళ్లింది" అంది డాక్టరమ్మ.
నెత్తురు పలచబడ్డానికి రెండు, కొవ్వుకొకటి, బీపీకొకటి.
చుట్ట మానెయ్యమంది. ఊరగాయ జాడీ వైపు
చూడను కూడా వద్దంది.
ఇప్పుడు గడ్డం గీసుకుంటే
చిన్న గాటుకే తువ్వాలు తడుస్తోంది.
నాగవేణి మాత్రలు అరచేతిలో పోస్తూ
మొదటిదానికి లాభం అంటుంది.
లోకంలో అంత నష్టపు సరుకు ఇంకోటుండదు.

కొట్టుకి వెళ్తున్నాను గానీ
పూటకి ఒక్క లారీయే.
ఆరో విసురు దగ్గరికొచ్చేసరికి
హమాలీలు దగ్గడం కూడా ఆపేస్తారు.

రాత్రుళ్లు మెలకువొస్తుంది.
మాట ఉందో వెళ్లిందో చూసుకోవాలి గదా,
పెదవి కదిపీ కదపకుండా మొదలెడతాను.
ఆరు దగ్గర ఊపిరి నిలబడుతుంది.
ఆరున్నొకటి అయిదక్షరాలు.
చీకట్లో అంత దూరం చెయ్యి చాపలేక
దగ్గరున్నదాన్నే అందుకుంటాను.

"ఏడు."

"ఎవర్ని ఏడవమంటున్నారు?" అంది
నాగవేణి నిద్రలోంచి.
"ఎవర్నీ కాదే. లెక్క."
"ఎంతదాకా వచ్చింది?"
"ఎనిమిది."