సున్నం పెళ్ళ

రూవీలో మా గది కిటికీకి సముద్రం లేదు,
ఎదురింటి ఏసీల వీపులున్నాయి.
ఆ చప్పుడులోనే, గురువారం రాత్రి,
చాప మీద యూరప్ పరిచాం.

పటం కెజియా స్కూలు అట్లాసులోది.
గీతల నోటుబుక్కులో వరస రాస్తోంది పిల్ల:
పారిస్, ప్రాగ్, రోమ్.
"ఇంకా నాన్నా?" అంటే
యోనా ఊళ్ళ పేర్లు చెప్పడు,
"కోటలుండే చోటు రాయమ్మా" అంటాడు.

పదకొండేళ్ళుగా ఈ దేశపు కోటలకి
మట్టి పూసే మనిషి.
నిజ్వా, బహ్లా, రుస్తాక్.
కాల్చిన మట్టీ సున్నమూ కలిపి
అట్టు చుట్టూ నూనె తిప్పినంత తేలిగ్గా
చేత్తో అద్దుతాడు గోడకి.
వాళ్ళ తాత గానుగ సున్నంలో
బెల్లం నీళ్ళూ కరక్కాయా పోసేవాడట.
"అక్కడివాళ్ళు ఏం పోశారో
గోరుతో గీకి చూడాలి."
ఇదీ ఆయన విహారయాత్ర.

నాది వేరు.
జూన్‌లో మస్కట్ సముద్రం చారులా కాగుతుంది.
నాకు పాదాలు పెట్టగానే
జివ్వుమనే నీళ్ళు కావాలి.
పన్నెండు గంటలు వార్డులో నిలబడ్డ పాదాలు,
వాటికి ఒక తీరం బాకీ.
ఆసుపత్రి బస్సు రోజూ సముద్రం పక్కనించే వెళుతుంది,
నేను రోజూ నిద్రపోతూ దాటతాను.
అక్కడ రాత్రి తొమ్మిదైనా వెలుగుంటుందట.
పగలంతా కర్టెను వేసి పడుకునే నాకు
ఆ వెలుగెందుకో తెలీదు.
అయినా కావాలి.

పాలపొడి డబ్బా బోర్లించాం.
లెక్కపెట్టాక కెజియా ప్రాగ్ కొట్టేసింది.
విమానం ధర చూశాక రోమ్.
హోటలు గది అద్దె చూశాక పారిస్
తనంతట తనే తప్పుకుంది,
బంతిలో చోటు చాలదని
లేచిపోయే మర్యాదస్తుడిలా.

మిగిలినవి
మూడు నెలల బ్యాంకు కాగితాలు,
అభ్యంతరం లేదని కంపెనీ ఉత్తరం,
తిరిగొచ్చే టిక్కెట్టు,
చచ్చిపోతే శవాన్ని వెనక్కి పంపే బీమా.
అక్కడ పెన్ను ఆపి
కెజియా నా మొహంలోకి చూసింది.
"రాసెయ్" అన్నాను, "అందరికీ రాస్తారు."

మర్నాడు సాయంత్రం మత్రా ఒడ్డున
వేయించిన శనగలు నములుతూ కూర్చున్నాం.
కొండ మీద కోట.
"ఇదెవరు కట్టారు నాన్నా?"
"పోర్చుగీసు వాళ్ళు. ఓడల్లో వచ్చి, అప్పుడెప్పుడో."
"వాళ్ళకి వీసా ఎవరిచ్చారు?"
యోనా నవ్వాడు, శనగ గొంతుకి అడ్డం పడేంత.
"ఫిరంగులు" అన్నాడు, దగ్గు ఆగాక.

ఇంటికొచ్చి పిల్ల కొత్త పేజీ తిప్పింది.
ఒకే ఊరు రాసింది, లిస్బన్.
ఆ పక్కనే సముద్రం, ఆగస్టులో కూడా చన్నీళ్ళట.
ఊరి నెత్తిన ఓ కోట.
ఇద్దరికీ కుదిరింది
ఎవరూ గెలవకుండానే.

అప్పుడు యోనా బీరువా పైనించి
రుమాలు మూట దించాడు.
కిందటేడు మరమ్మత్తులో
ఆ కొండమీది గోడనించి రాలిన సున్నం పెళ్ళ,
పిడికెడుంటుంది.
పారెయ్యమన్నారట. చెయ్యి రాలేదట.
"సూట్‌కేసులో పెట్టు."
"ఎయిర్‌పోర్టులో ఇదేంటని ఆపితే?"
"మీ గోడేనండీ,
సరిచూసుకుందామని తెచ్చాం అంటాను."

వీసా తారీకులు సెప్టెంబరు దాకా ఖాళీ లేవు.
సెప్టెంబరులో పిల్లకి పరీక్షలు.
డబ్బాలో ఇంకా నాలుగు వందల రియాళ్ళు తక్కువ.
అయినా ఫొటోలు తీయించుకోవాలి,
తెల్ల గోడ ముందు, నవ్వకుండా,
చెవులు రెండూ కనబడేలా.

కెజియా అద్దం ముందు
జుట్టంతా వెనక్కి లాగిపట్టుకుని
నవ్వకుండా ఉండటం నేర్చుకుంటోంది.

రావడం లేదు.