సిగ్నల్ ఉన్న గుట్ట

జూన్ వచ్చిందంటే నా తరగతి కొండెక్కుతుంది.
గొర్రెలతో, గుర్రాలతో, మడిచిన ఉన్ని గుడారాలతో
పిల్లలంతా పచ్చిక బయళ్లకు పోతారు.
నరీన్‌లో నేనూ, నల్లబల్లా, ఓ ఫోనూ మిగులుతాం.

ఈసారి వాళ్ల వెనకే ఓ ప్రశ్న పంపాను:
"మనిషి పాలిపోయింది. లేస్తే కళ్లు తిరుగుతున్నాయి. ఏమిటది?"
రెండు రోజుల్లో పదమూడు జవాబులు,
అన్నీ ఒకే చిలక పలికినట్టు:
రక్తహీనత. ఇనుము తక్కువ. మాత్రలు వెయ్యాలి.
ఉలుక్‌బెక్ బొటనవేలి బొమ్మ కూడా జోడించాడు.

అన్నీ ఒప్పే. అదే నా దిగులు.
మళ్లీ రాశాను:
"మూడు నెలలుగా మాత్రలు వేసుకుంటూనే ఉంది.
రంగు రాలేదు. ఇప్పుడు చెప్పండి."

ఫోను మూగబోయింది.
ఆదివారం ఉలుక్‌బెక్: "మాత్రలు నకిలీవేమో?"
పరవాలేదు,
పిల్లాడికి అనుమానం మొలిచింది.

తొమ్మిదో రోజు బెగిమాయ్ గొంతు వచ్చింది,
సగం గాలి, నడుమ ఓ సకిలింత.
సిగ్నల్ ఉన్న గుట్టకి గంటసేపు స్వారీ చేసి వచ్చిందట.
"టీచర్, మీ మనిషి ఎవరో నాకు తెలీదు.
మా వదిన మాత్రం అచ్చం అలాగే ఉంది.
అందుకని వారం రోజులు ఆమెనే చూశాను.
మాత్ర చాయ్‌తోనే మింగుతుంది.
రాత్రయ్యేసరికి పద్నాలుగు పియాలాలు.
డబ్బాలో కాగితం విప్పి చదివితే
చాయ్ మాట చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది.
కానీ తప్పంతా చాయ్‌దేనని ఎలా అనను?
పోయిన చలికాలమే కాన్పయింది.
మాంసం ముక్క ముందు మగాళ్ల పళ్లెంలో పడుతుంది.
పైగా మా గుడారంలో చాయ్ వద్దనడమంటే
వచ్చినవాళ్లను పొమ్మన్నట్టే.
మాత్రను మధ్యాహ్నానికి జరిపి, నీళ్లతో ఇచ్చి,
రెండు గంటలు పియాలా దాచేస్తాను.
మారిందని దేన్ని చూసి నమ్మాలి?
కనురెప్ప లోపలి ఎరుపునా?
నీళ్ల బకెట్టుతో ఏరు దగ్గర్నుంచి వస్తూ
ఎన్నిసార్లు ఆగుతుందో, దాన్నా?
ఎన్నాళ్లు..."

అక్కడ తెగింది.

నా జవాబుల కాగితంలో చాయ్ ఉంది.
పళ్లెం లేదు. బకెట్టు లేదు.
'శభాష్' అని కొట్టాను, చెరిపాను.
'కరెక్ట్' అని కొట్టాను, అదీ చెరిపాను.
చివరికి:
"నాకూ పూర్తిగా తెలీదు.
కిందికి దిగినప్పుడు క్లినిక్‌లో రక్తం చూపిద్దాం.
ఈలోగా బకెట్టు లెక్క రాసి ఉంచు."

ఒకే టిక్కు.
పిల్ల గుట్ట దిగిపోయి ఉంటుంది.

బల్ల మీద నా చాయ్ చల్లారింది,
పక్కనే నా మాత్ర.
లేచి
మంచినీళ్లు తెచ్చుకున్నాను.