నాలుగు పిన్నీసులు

ఆదివారం. ఐదింకా కాలేదు.
హడర్స్‌ఫీల్డ్ అవతల, కారు డిక్కీ తలుపు కింద
పాపకి పాలిస్తున్నాను, హెల్మెట్ పెట్టుకునే.

"తొందరపడకు," అంటాడు భార్గవ,
నాతోనో, దానితోనో.
పళ్ల మధ్య పిన్నీసులు.
నా వీపున ముప్పై ఏడు వంకరగా గుచ్చుతూ
ఒకటి తక్కువైందని
దాని స్వెటర్‌కున్నది, దిష్టిపూసతో సహా, ఊడదీశాడు.

గీత దగ్గర
డెబ్భై ఏళ్ల బ్రయాన్ సీటు పట్టుకున్నాడు.
రెండు కాళ్లూ పెడల్స్ మీదే, నేల తగలదు.
నిన్న చాప మీద
కూర్చోడం నేర్చుకుంటున్న దాని వెనక
నా చెయ్యీ ఇంతే,
పట్టుకున్నట్టూ, పట్టుకోనట్టూ.

మూడు, రెండు, ఒకటి.
వదిలేశాడు.

పది మైళ్లు, ఎదురుగాలి.
ఆరో మైలు దగ్గర ఎవరిదో ఏడుపు.
గొర్రెపిల్లే అయ్యుంటుంది.
అయినా పాలు చేపుకొచ్చి
జెర్సీ తడిసిపోయింది.

నిరుటికంటే రెండు నిమిషాలెక్కువ.
బ్రయాన్ కాగితం మీద రాసుకున్నాడు.
భార్గవ అడగలేదు.
అది మాత్రం పిడికిలి విప్పి
చెమటపట్టిన నా ముక్కు దొరకబుచ్చుకుంది.

ఇంటికొచ్చి, స్నానానికి జెర్సీ విప్పుతుంటే తెలిసింది:
దిష్టిపూస ఇంకా నా వీపునే ఉంది.