ముద్దు కాదది

పొద్దున్నే లేచి
నా బిడ్డ నా మూతి కాడ మూతి పెడతాది.
ముద్దనుకుంటారు చూసినోళ్లు.
ఎస్తేరమ్మ కూడా మొదటి వారం
"ఎంత పానమమ్మే నీ బిడ్డకి నువ్వంటే" అని నవ్వింది.
ముద్దు కాదది.
ఏడేండ్ల పూర్విక
నా ఊపిరి వాసన చూస్తాది,
పాలు విరిగినాయా లేదా అని
గిన్నె మూత తీసి చూసినట్టు.

మురకంబట్టు దాటినాక
జ్యూస్ ఫ్యాక్టరీ వెనక సందులో ఈ మేడిల్లు.
పద్నాలుగు మంది ఆడోళ్లం, తొమ్మిది మంది పిల్లోళ్లు,
రూముకి ఒక పెద్ద మంచం, ఒక చిన్న మంచం.
చిన్న మంచం కింద బొరుగులు దాచిపెట్టిందని
చీమలు బారు కడితే కదా తెలిసింది.
"ఈడ రాత్రికి కూడు పెడతారు కదమ్మే" అంటే
"నువ్వు నిద్రపోతే?" అనింది.
ఆడుకో పో అంటే
చీపురు తీసుకుంటాది.

మొగుడు కొట్టినాడని తాగలా నేను.
అందరూ ఆ కథే అడుగుతారు,
జాలిపడను సులువుగా ఉంటాది.
గానుగ కాడ రాత్రి పని,
బెల్లం పాకం సెగ,
ఒళ్లునొప్పులకని పెద్దమ్మ ఒక గ్లాసు పోసింది.
బాగుండింది.
అంతే.
ఆ 'బాగుండింది' అనే మాట
రెహానా మేడం ముందర పలకను
నాకు ఇరవై రోజులు పట్టింది.
ఆమె ఏమీ రాసుకోలా.
పెన్నుకి మూత పెట్టి
ఇద్దరికీ టీ చెప్పింది.

జూన్ వచ్చింది.
తోతాపురి ట్రాక్టర్లు రోడ్డు దాకా నిలబడినాయి.
గోడవతల తొక్కలు, టెంకలు, గుట్టలు గుట్టలు.
మూడు ఎండలకి అవి పులిసి
గాలంతా ఊట కుండ అయిపోయింది.
కిటికీలు మూసినాం. సాంబ్రాణి వేసినాం.
కిటికీ సందుల్లో ఎస్తేరమ్మ తడిగుడ్డలు కుక్కింది.
పద్నాలుగు మందిమీ
ఒకరి ముఖం ఒకరు చూసుకోలా.
రాత్రంతా నా నాలుక
కట్టేసిన కుక్క మాదిరి గుంజింది.

దొరసాని ఆ శుక్రవారమే పోయింది,
కొడుకుని చంకనేసుకొని, సంతకం పెట్టకుండా.
వాడి ఎడమకాలి చెప్పు మెట్ల మీదే ఉండాది.
ఎవరూ తియ్యలా.

మర్నాడు మిద్దె మీద గుడ్డలు ఆరేసి వస్తే
బిడ్డ నా కొంగు ముక్కుకి పెట్టుకొని
గోడకి ఆనుకొని నిలబడిపోయింది.
ఏడవలా.
సంచిలో తన గుడ్డలు సర్దుకొనింది,
దువ్వెన, పలక, నా ఆధార్ కార్డు.
"మామిడికాయల వాసనమ్మే, గాలిది" అంటే
నిజం చెప్పేటప్పుడు కూడా
నా గొంతు పాత గొంతే కదా.
మోకాళ్ల మీద కూర్చొని నోరు తెరిచినాను,
పళ్ల డాక్టరు ముందర మాదిరి.
వచ్చి చూసింది.
మళ్లా చూసింది.
సంచి విప్పలా, కానీ
భుజం మీద నుంచి దించింది.

ఈ పొద్దు
స్కూలు ఆటో ముందే వచ్చేసింది.
ఒక జడ అయింది, రెండోది సగంలో ఉండాది,
కిటికీ సీటు ఇంకొకరు పట్టేస్తారని
రిబ్బను పండ్లతో కరుచుకొని ఉరికింది.
ఆటోలో నుంచి ఎవురినో తిడతా ఉండాది
నాకు తెలియని తిట్టు ఒకటి.
వాసన చూడలా.

నేను గడప కాడ వంగినట్టే ఉండిపోయినాను
మూతి ముందుకి పెట్టి.
"ఏమ్మే, ఏం పారేసుకున్నావు?" అని
చీపురు పట్టుకొని అడిగింది ఎస్తేరమ్మ.

అరచేతిలోకి ఊదుకొని
నేనే చూసుకున్నా.
చద్ది సంగటి, ఎర్రగడ్డ,
పళ్లపొడి.

రేపు మళ్లా చూస్తాదేమో.
చూడనీ.