ఖాళీ బరువు

ఆదివారం పగలంతా దూరవిద్య క్లాసు,
రాత్రి పదింటికి పోర్టు గేటు దగ్గర వేబ్రిడ్జి.
నా ఉద్యోగం తూచడం.
లారీ ఖాళీగా లోపలికెళ్తుంది, ఒక అంకె.
బొగ్గుతో బయటికొస్తుంది, ఇంకో అంకె.
ఇందులోంచి అది తీసేస్తే సరుకు.
ఖాళీ బరువు తెలియని బండి
ఎంత మోసిందో ఎవడూ చెప్పలేడు.

బల్ల మీద మూడో పేపరు ప్రశ్న:
ఆధునిక ప్రపంచ పరిణామాలను
తులనాత్మకంగా చర్చింపుము. ఇరవై మార్కులు.
తుల అంటే త్రాసే కదా,
ఈ ఒక్కటైనా నాకు వచ్చి తీరాలి.

దేవకరుణ మేడం బోర్డు మీద నిలువు గీతలు గీసింది.
మాంచెస్టర్, ఒసాకా, డర్బన్, చిట్టివలస.
ఏం పని, ఎంత కూలి, ఎవరు సమ్మె కట్టారు,
అడ్డంగా నింపుకుంటూ పొమ్మంది.
మాంచెస్టర్ గడి నిండి పొర్లిపోయింది.
చిట్టివలస గడిలో
వెనక బెంచీ నూకాలు "మా నాన్న" అని రాసి
కొట్టేసి
"జనపనార" అని రాసింది.
మేడం ఆ కొట్టివేత మీద వేలు పెట్టి
చాలాసేపు ఊరుకుంది.
తర్వాత అడిగింది:
అందర్నీ ఒకే రాయితో తూస్తున్నాం,
ఆ రాయిని ఎవరు తూచారు?

పుస్తకంలో దూరప్రాచ్యం అని ఉంది.
ఎవరికి దూరం?
మా డాబా ఎక్కితే అదే ఎదురుగా, నీళ్లకి అవతల.
మధ్యప్రాచ్యమేమో పొద్దు కుంకే వైపుంది.
ఎక్కడో నిలబడి ఎవరో చూపించిన వేలు
ఇంకా దించలేదు.

మా మామ్మ అసిరమ్మకి తెలిసిన పరదేశం ఒక్కటే, రంగం.
తన అన్న గవరయ్య ఓడెక్కి పోయిన ఊరు.
"రంగం ఎల్లినోడు బంగారమైపోతాడనీవోరు.
మరి ఆడు? మనిషిలాగే వచ్చేసినాడు."
ఇంట్లో ఉన్న చిన్న నిఘంటువులో
రంగమంటే నాటకాలాడే చోటు,
యుద్ధం జరిగే చోటు.
బియ్యం బస్తాలు మోసే రేవు అని లేదు.
మూడూ ఒకటేనని
మామ్మకి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

రెండో ప్రపంచ యుద్ధం పోలండులో మొదలైంది, ఒక మార్కు.
మామ్మ లెక్కలో అది
నలభైరెండు ఏప్రిల్లో ఒక సోమవారం
చోడి అంబలి పొయ్యి మీద వదిలేసి
పాతపోస్టాఫీసు సందులోంచి పరిగెత్తినప్పుడు మొదలైంది.
బాంబులు రేవు మీద పడ్డాయి.
అంబలి అడుగంటింది.
ఆ రోజుల్లోనే గవరయ్య
అరకాన్ కొండలు దాటి నడిచొస్తున్నాడు.
ఏం తెచ్చావురా అంటే
కాళ్లు చూపించాడట.
ఇది ఏ గడిలో రాయను?

తెల్లారగట్ట యారాడ కొండ మీద లైటు ఇంకా తిరుగుతుండగా
ఒక లారీ వచ్చి ఆగింది.
డ్రైవరు మోతీహారీ వాడు, పేరు రామసకల్.
ఏం చదువుతున్నావని సగం హిందీ, సగం తెలుగు.
చెప్పాను, రంగం గురించి కూడా.
అతను టీ గ్లాసు ఊదుకుంటూ
"మా ఊళ్లో మిరిచ్ అంటారు" అన్నాడు.
నీలిమందు పొలాల్లోంచి
వాళ్ల ముత్తాత తమ్ముడు ఓడెక్కి పోయిన దేశం.
ఎక్కడుందో అతనికీ తెలీదు.
మిరిచ్, రంగం.
రెండు మాటల్నీ పక్కపక్కన పెట్టి చూశాను.
వాటి మధ్య ఏ రాయీ అక్కర్లేదు.

ఇన్నేళ్లుగా చేస్తున్న పనిలో
ఒక సంగతి అప్పుడు తట్టింది.
ఖాళీ బరువు తీసేటప్పుడు
డ్రైవరు సీట్లోనే ఉంటాడు.
తీసివేతలో ఇనుముతో పాటు
అతనూ పోతాడు.

"ఒక్కసారి దిగు" అన్నాను.
ఎందుకనలేదు, దిగాడు.
అంకె అరవై తగ్గింది.

రిజిస్టర్లో దానికి గడి లేదు.
చీటీ వెనక రాసుకున్నాను.